తీయించాలా, నవ్వేసి వదిలేయాలా?

కావలిలో తన టిఫిన్ బండి దగ్గర మా బావ "చట్నీకి గూడా లెక్కుంటాది అబ్బయ్యా!" అని ఓ మనిషి మీద అరిచాడు. ఎవరో వీడియో తీసి పెట్టారు. రెండు రోజులు ఊరంతా తిట్టింది. మూడో రోజు ఎవరో ఆ మొహం, ఆ ఒక్క మాట కత్తిరించి వాట్సాప్ స్టిక్కర్ చేశారు. ఇప్పుడు జీతం లేటైనా అదే, పెళ్లి భోజనంలో ముక్క తగ్గినా అదే. అసలు తగాదా ఊడిపోయి, ఎక్కడైనా అతికే ముక్క మిగిలితే అదిక పోదు. మరి మన వీడియో ఇలా పాకితే తీయించాలా, నవ్వేయాలా?

ఖర్చు: తీయించాలంటే ఫిర్యాదులు, ఒక్కోసారి వకీలు ఫీజు. నవ్వేయడానికి పైసా అక్కర్లేదు, సిగ్గు చంపుకోవాలంతే.

శ్రమ: వీడియో పోయినా స్టిక్కర్ ఫోన్లలోనే ఉంటుంది.

రిస్కు: 2003లో అమెరికా గాయని, నటి బార్బ్రా స్ట్రైసాండ్ ఓ సైటులో ఉన్న తన ఇంటి ఫొటో తీసేయమని కేసు వేసింది. అప్పటికి దాన్ని డౌన్‌లోడ్ చేసింది 6 సార్లే, అందులో 2 ఆమె వకీళ్లవే! తర్వాతి నెలలో ఆ సైటుకి 4 లక్షల మందికి పైగా వచ్చారు. నవ్వేస్తే ఇంత ఉండదు గానీ, కనిపించినోడల్లా ఆ డైలాగ్ చెప్పమంటాడు.

వీడియోలో పిల్లలున్నా, ఆడవాళ్ల పరువు పోయేదైనా, బెదిరింపులొచ్చినా తీయించడమే. వెంటనే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. చట్నీ గొడవకైతే అంత అక్కర్లేదు. బావ ఆ మాటే బండి మీద రాయించాడు. చట్నీ మాత్రం ఇప్పటికీ లెక్కే.