మూడేళ్లుగా లినక్స్ మింట్ వాడుతున్నా: లాగిన్ కాని ఆ రాత్రితో కలిపి నా సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో ఇంటి నుంచే రెండు మిర్చి కమీషన్ కొట్లకు లెక్కలు రాస్తాను. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 21 వేసి మూడేళ్లయింది. లిబ్రేఆఫీస్, ప్రింటర్, తెలుగు టైపింగ్ అన్నీ బాగున్నాయి. ట్యాలీ నేరుగా నడవదు, అది తప్పనిసరైతే దీని జోలికి రావద్దు.

అసలు సంగతి మార్చిలో, యార్డుకు సరుకు బాగా వస్తున్న రోజుల్లో జరిగింది. లెక్కలు ఇంకెవరూ తెరవకూడదని హోమ్ ఫోల్డర్ (నా ఫైళ్లు, సెట్టింగులు ఉండేది) మొత్తానికి అనుమతులు మార్చే కమాండ్ సీహెచ్‌మాడ్ 600 కొట్టాను, లోపలివాటికీ వర్తించేలా మైనస్ ఆర్ పెట్టి మరీ. రీస్టార్ట్ చేశాక పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంది, పాస్‌వర్డ్ తప్పని కూడా అనదు. రిపేరు షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నారు. సీజన్ లెక్కలన్నీ అందులోనే, ఆ రాత్రి పడ్డ టెన్షన్ చెప్పలేను.

600లో మొదటి 6 యజమాని అనుమతి: 4 చదవడానికి, 2 రాయడానికి, ప్రోగ్రాముగా నడపడానికి ఉండే 1 మాత్రం లేదు. మామూలు ఫైలుకు అది లేకపోయినా పర్లేదు, ఫోల్డర్‌కైతే లోపలికి అడుగు పెట్టే అనుమతే ఆ 1. అది పోయేసరికి డెస్క్‌టాప్‌కు కావాల్సిన ఫైళ్లు హోమ్‌లో ఉన్నా వాటి దగ్గరికి చేరలేక వెనక్కి వస్తోంది.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే అక్షరాల లాగిన్ వచ్చింది, హోమ్ అందడం లేదంటూనే లోపలికి రానిచ్చింది. సిస్టమ్ ఫైళ్లు ముట్టుకోలేదు కాబట్టి సూడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపేది) పనిచేసింది. దానితో హోమ్ మీద సీహెచ్‌మాడ్ మైనస్ ఆర్, యు ప్లస్ ఆర్‌డబ్ల్యూఎక్స్ ఇచ్చాను. ఇందులో మైనస్ పక్కన ఆర్, చివరి ఎక్స్ మాత్రమే పెద్దక్షరాలు. ఎక్స్ పెద్దదైతేనే ఫోల్డర్లకు మాత్రం దారి తెరుచుకుంటుంది, మామూలు ఫైళ్లు ప్రోగ్రాములుగా మారిపోవు. నేను రాసుకున్న రెండు స్క్రిప్టులకు మాత్రం అనుమతి విడిగా ఇవ్వాల్సి వచ్చింది. ఒక్క ఫైలూ పోలేదు!

ఇదే కమాండ్ రూట్ స్లాష్ (సిస్టమ్ మొత్తానికి మూల ఫోల్డర్) మీద పడి ఉంటే సూడో కూడా పోయేది, సీహెచ్‌మాడ్ దానంతటది ఆపదు. అలాంటప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మింట్‌తోనే వచ్చే టైమ్‌షిఫ్ట్‌లో పాత స్నాప్‌షాట్ (అప్పటి సిస్టమ్ కాపీ) వెనక్కి తెచ్చుకోవచ్చు, ముందే తీసి పెట్టుకుని ఉంటే. కానీ అందులో మనం మార్చకపోతే హోమ్ చేరదు, అందుకే ఇప్పుడు హోమ్‌కు విడిగా బ్యాకప్ తీస్తున్నాను, అదీ లినక్స్ ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4 డిస్క్ మీదే, ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో ఈ అనుమతులు నిలవవు.