4 మైక్రాన్ల దగ్గరే పేచీ: పీపీఎల్ఎన్ మేలా, జెడ్‌జీపీ మేలా?

మీథేన్‌ను పట్టుకోవాలంటే అది పీల్చుకునే తరంగదైర్ఘ్యం, అంటే 3.3 మైక్రాన్ల చుట్టుపక్కల వెలుగు కావాలి. కార్బన్ డయాక్సైడ్‌కు 4.26, నైట్రిక్ ఆక్సైడ్‌కు 5.3. ఒక్క గ్యాసే చూడాలంటే క్వాంటం క్యాస్కేడ్ లేజర్ కొనుక్కుంటే సరిపోతుంది. అన్నిటి మీదా తిరగాలంటే మాత్రం ఓపీఓ, అంటే ఆప్టికల్ పారామెట్రిక్ ఆసిలేటర్ కావాలి. అందులో పంప్ లేజర్ కాంతి నాన్‌లీనియర్ క్రిస్టల్‌లో రెండుగా చీలుతుంది. పొట్టి తరంగం సిగ్నల్, పొడుగుది ఐడ్లర్. పీపీఎల్ఎన్, జెడ్‌జీపీ అనే రెండిట్లో ఏ క్రిస్టల్ పెట్టాలన్నదే తగువు.

4 మైక్రాన్ల లోపు పనికి నా ఓటు పీపీఎల్ఎన్‌కే. పేరు విప్పితే పీరియాడికల్లీ పోల్డ్ లిథియం నియోబేట్. ఇది లిథియం నియోబేట్ పలకే, కాకపోతే సుమారు 30 మైక్రాన్ల పిరియడ్‌తో లోపలి ధ్రువదిశను తిప్పి చారలు వేసి ఉంటారు. ఎక్కడైనా దొరికే 1064 నానోమీటర్ల పంప్‌తో నడుస్తుంది. ఒకే పలక మీద వేర్వేరు పిరియడ్ల ట్రాకులుంటాయి. పలకను పక్కకు జరిపితే తరంగదైర్ఘ్యంలో పెద్ద మార్పు, ఓవెన్ వేడి కాస్త మారిస్తే చిన్న మార్పు. సిగ్నల్ 1550 నానోమీటర్ల దగ్గర ఉంటే ఐడ్లర్ 3.39 మైక్రాన్ల దగ్గర వస్తుంది. అది కంటికి కనిపించదు. కానీ పంప్, సిగ్నల్ కలిసిపోయి దాదాపు 631 నానోమీటర్ల ఎర్రటి వెలుగు కొంచెం బయటికొస్తుంది. అలైన్‌మెంట్ చేస్తూ చేస్తూ కాగితం మీద ఆ ఎర్ర చుక్క కనబడిందంటే టెన్షన్ సగం దిగినట్టే.

దీని ఇబ్బందులు దీనికీ ఉన్నాయి. ఒక్కో పంప్ ఫోటాన్ శక్తిలో ఐడ్లర్‌కు వెళ్లేది మూడో వంతు కన్నా తక్కువే. 4 మైక్రాన్లు దాటాక క్రిస్టల్ తన ఐడ్లర్‌ను తానే మింగి వేడెక్కుతుంది, ట్యూనింగ్ జారిపోతుంది. పలక మందం మామూలుగా 1 మిల్లీమీటరే కాబట్టి పెద్ద పల్సులు పంపడమూ కష్టం.

జింక్ జెర్మేనియం ఫాస్ఫైడ్, అదే జెడ్‌జీపీ, ఇక్కడే ముందుకొస్తుంది. నాన్‌లీనియర్ గుణకం, అంటే కాంతిని ఇలా చీల్చే సత్తాకు కొలత, దాదాపు 75 పికోమీటర్/వోల్ట్, పీపీఎల్ఎన్‌లో పనికొచ్చేదానికి నాలుగైదు రెట్లు. వేడిని కూడా ఎన్నో రెట్లు వేగంగా బయటికి పంపేస్తుంది. 2.09 మైక్రాన్ల హోల్మియం లేజర్‌తో పంప్ చేస్తే సిగ్నల్ 3.5 దగ్గర, ఐడ్లర్ 5.2 దగ్గర పడేలా పెట్టుకోవచ్చు. రెండూ మనకు కావాల్సినవే, వృథా లేదు. 8 మైక్రాన్ల దాకా కూడా వెళ్లొచ్చు.

మరి అందరూ దీన్నే ఎందుకు వాడరు? 2 మైక్రాన్ల లోపు పంప్‌ను ఇది పీల్చేసుకుంటుంది, అంటే చేతిలో ఉన్న 1064 లేజర్ పనికిరాదు. క్రిస్టల్ ఖరీదు చూసి సిద్ధపడినవాళ్లు పంప్ కొటేషన్ చూశాక వెనక్కి తగ్గుతారు. పైగా ట్యూనింగ్‌కు క్రిస్టల్‌ను తిప్పాలి, తిప్పినప్పుడల్లా బీమ్ కాస్త పక్కకు జరుగుతుంది. మామూలు ఎర్ర హీలియం-నియాన్ లేజర్ బీమ్ ఇందులోంచి దూరదు కనుక దాన్ని గైడ్‌గా పెట్టుకునే వీలూ లేదు.

5 దాటితే జెడ్‌జీపీయే, అందులో చర్చ లేదు. 4 నుంచి 5 మధ్యే చిక్కు. గ్యాస్ ఉందో లేదో చూడ్డానికి కొద్ది మిల్లీవాట్లు చాలంటే 4.26 దగ్గర కూడా నేను పీపీఎల్ఎన్‌తోనే నెట్టుకొస్తాను. వాట్లలో పవర్ కావాలి, ల్యాబ్‌లో హోల్మియం లేజర్ ఇప్పటికే ఉంది అంటే మాత్రం జెడ్‌జీపీ.