వీపీసీ పీరింగా, ట్రాన్సిట్ గేట్‌వేనా?

భీమవరం వైపు ఓ రొయ్యల ఎగుమతి కంపెనీ అనుకోండి. చెరువుల సెన్సార్లకు ఒక ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అకౌంట్, కోల్డ్ స్టోరేజీకి ఒకటి, బిల్లింగ్‌కు ఒకటి. ఒక్కో అకౌంట్‌లో ఒక్కో వీపీసీ, అంటే క్లౌడ్‌లో సొంత ప్రైవేటు నెట్‌వర్క్, ఉందనుకుందాం. వీటిని ఇంటర్నెట్‌ మీదకు రానివ్వకుండా కలపాలి.

మూడే అయితే నా ఓటు పీరింగ్‌కే, అంటే రెండు వీపీసీలను నేరుగా కలిపే లింకుకే. గంటల లెక్కన అద్దె లేదు, ఒకే అవైలబిలిటీ జోన్‌లో (ఒక ప్రాంతంలో విడిగా ఉండే డేటా సెంటర్ల విభాగం) తిరిగే డేటాకు చార్జీ లేదు. కానీ ఇది ఇద్దరి మధ్య మాటే. సెన్సార్లు స్టోరేజీతో, స్టోరేజీ బిల్లింగ్‌తో కలిసినంత మాత్రాన సెన్సార్ల నుంచి బిల్లింగ్‌కు దారి పడదు. అన్నిటినీ అన్నిటితో కలపాలంటే 3 వీపీసీలకు 3 లింకులు చాలు, 10 అయితే 45 కావాలి. ప్రతి లింకుకూ రెండు వైపులా రూట్లు, అంటే డేటా ఎటు వెళ్లాలో చెప్పే దారులు, రాయాలి. అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

ట్రాన్సిట్ గేట్‌వే అంటే వీపీసీలన్నీ వచ్చి కలిసే కూడలి. ధవళేశ్వరం బ్యారేజీ లాంటిది, ఏ కాలువకు ఏది వెళ్లాలో ఒక్కచోటే తేలుతుంది. రూట్ టేబుళ్లు విడదీస్తే సెన్సార్ల అకౌంట్ బిల్లింగ్ వైపు తొంగి కూడా చూడలేదు. భద్రత పరంగా నాకు బాగా నచ్చేది ఇదే. ఖర్చుంది: ఒక్కో అటాచ్‌మెంట్‌కు (వీపీసీని గేట్‌వేకు కలిపే లింకు) గంట లెక్కన, డేటాకు జీబీ లెక్కన. ఒకటి మాత్రం మర్చిపోవద్దు. వాడే ప్రతి జోన్‌లోనూ అటాచ్‌మెంట్‌కు ఒక సబ్‌నెట్ (వీపీసీ అడ్రసుల్లో ఒక ముక్క) ఇవ్వాలి. ఇవ్వని జోన్‌లోని సర్వర్లు గేట్‌వేను చేరలేవు.

అకౌంట్లు పెరుగుతాయని తెలిస్తే మొదటి నుంచే గేట్‌వే పెట్టుకోండి. ఏదైనా సరే, ఏ వీపీసీకి ఏ ఐపీ అడ్రసులో ముందే పంచుకోండి. డిఫాల్ట్ వీపీసీ (ఏడబ్ల్యూఎస్ తనే ఇచ్చేది) ప్రతి అకౌంట్‌లోనూ 172.31.0.0/16 అడ్రసులతోనే వస్తుంది, అడ్రసులు ఒకటే కాబట్టి అలాంటి రెండింటికి పీరింగ్ కుదరదు.