లోఫోటెన్‌లో వేసవి సూర్యాస్తమయాలు: బస ఏ వైపు తీసుకోవాలి?

ఉత్తర నార్వేలోని లోఫోటెన్ దీవులకు కెమెరాతో వెళ్లేవాళ్లు చాలామంది ముందు రెయినె గ్రామంలోనే గది వెతుకుతారు. నీళ్ల ఒడ్డున ఎర్ర చెక్క ఇళ్లు, వెనక నిటారు కొండలు. నిజంగానే అందమైన ఊరు. కానీ వేసవి సూర్యాస్తమయాల కోసమే వెళ్తుంటే బస అక్కడ వద్దంటాను. ఆర్కిటిక్ వలయానికి పైనున్న ఈ దీవుల్లో వేసవి సూర్యుడు పడమర దాటిపోయి ఉత్తరం వైపు దిగుతాడు. రెయినె ఉన్నది దీవుల ఆగ్నేయపు అంచున. ఉత్తరాన కొండలు అడ్డం కాబట్టి అసలు వెలుగు మొదలయ్యేసరికి ఊరు నీడలో ఉంటుంది.

వాయవ్య తీరానికి దగ్గరగా లెక్నెస్ చుట్టుపక్కల దిగితే ఈ ఇబ్బంది లేదు. ఊరు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. కానీ సరుకుల దుకాణాలు, పెట్రోల్ బంకు, చిన్న విమానాశ్రయం అన్నీ అక్కడే. ఉట్టక్లైవ్ బీచ్‌కి కారులో కాసేపటి ప్రయాణం. మబ్బు విడిపోయిందని అర్ధరాత్రి తెలిసినా బయల్దేరవచ్చు, అదే పెద్ద సుఖం.

ఉట్టక్లైవ్‌లో ఇసుక కంటే రాళ్లే నాకు ఎక్కువ నచ్చాయి. ఒకచోట బండలో గుండ్రటి గుంట, అందులో నీళ్లు, నీళ్ల మధ్య ఒక రాయి. ఫొటోగ్రాఫర్లు దాన్ని డ్రాగన్ కన్ను అంటారు. ట్రైపాడ్ బాగా కిందికి దించి పెడితే ఆకాశంలోని నారింజ రంగు ఆ నీళ్లలో ఉంగరంలా మెరుస్తుంది. తొందరేం లేదు. సూర్యుడు బాగా ఏటవాలుగా దిగుతాడు కనుక రంగు గంటల కొద్దీ నిలుస్తుంది. అల తుంపర మాత్రం లెన్స్ మీద పడుతూనే ఉంటుంది, తుడిచే గుడ్డలు ఎక్కువే పెట్టుకోండి.

ఏ నెల? మే చివరి నుంచి జూలై మధ్య దాకా ఇక్కడ సూర్యుడు అస్తమించడు. గడియారం ప్రకారం బాగా కిందికి వచ్చేది రాత్రి ఒంటిగంట ప్రాంతంలో. నా ఓటు జూలై చివరికే. పదకొండు దాటాక సూర్యుడు మునిగి, మూడు లోపే మళ్లీ వస్తాడు. మధ్యలో చీకటి పడదు. అస్తమయం రంగు చల్లారకముందే ఉదయం రంగు మొదలవుతుంది.

ఎగ్గుమ్ కూడా ఉత్తరం వైపు తెరిచి ఉన్న తీరమే. అక్కడ మార్కుస్ రేట్జ్ చేసిన తల శిల్పం ఉంది. చుట్టూ తిరిగితే ఒకవైపు నుంచి తల నిటారుగా, ఇంకోవైపు నుంచి తలకిందులుగా కనిపిస్తుంది. సూర్యుడు వెనక ఉన్నప్పుడు నల్లటి నీడగా తీస్తే చాలా బాగుంటుంది.

రోర్బు అనే పాత జాలరి ఇళ్లలో ఒక్క రాత్రైనా ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది, ఉండండి కూడా. మేం దిగినదాంట్లో వంటగది శుభ్రంగా ఉంది కానీ కర్టెన్లు పల్చన, రాత్రంతా వెలుతురే. తెల్లవారుజాము దాకా ఫొటోలు తీసి పగలు పడుకునేవాళ్లకు అది చిన్న విషయం కాదు, బుక్ చేసేముందే కర్టెన్ల గురించి అడగండి. ఆదివారం పెద్ద దుకాణాలు మూసేస్తారు, సరుకులు శనివారమే కొనిపెట్టుకోవాలి.