రోమ్‌లో వెండి నాణేలు: దుకాణంలో కాదు, పలాజ్జో మాస్సిమోలో చూడండి

రోమ్ వెళ్లేవాళ్లు కొలోసియం దగ్గర పాత నాణేలు అమ్మే దుకాణాల జోలికి పోవద్దు. అక్కడ ఒకాయన మా బావ చేతిలో దినారియస్ అనే పాత రోమన్ వెండి నాణెం పెట్టి, పొలంలో దొరికిన అసలుదని 60 యూరోలు చెప్పాడు. ఒకవైపు బ్రూటస్ ముఖం, రెండోవైపు రెండు బాకులు, మధ్యలో బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు పెట్టుకునే టోపీ. సీజర్‌ను చంపాక బ్రూటస్ కొట్టించిన నాణెం నమూనా అది. అసలుది వేలంలో లక్షలు పలుకుతుంది, 60కి ఎవరిస్తారు? అంచు తిప్పి చూస్తే చుట్టూ అతుకు గీత! రోమన్లు వెండి బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు. అలాంటి గీత పోతపోసిన నకిలీకే వస్తుంది. ఆ మాట అన్నానో లేదో, నాణెం లాక్కుని బయటికి పొమ్మన్నాడు. బావ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. నిజంగా పాతదే అయినా, అనుమతిపత్రం లేకుండా ఇటలీ దాటిస్తే కేసు అవుతుంది.

అసలువి చూడాలంటే టెర్మినీ స్టేషన్ పక్కనే ఉన్న పలాజ్జో మాస్సిమో మ్యూజియానికి వెళ్లండి. సోమవారం సెలవు. జనమంతా పై అంతస్తుల్లో శిల్పాలు, తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ భార్య లివియా ఇంటి తోట చిత్రాల దగ్గరే ఉంటారు. నాణేలు కింద నేలమాళిగలో. ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ పోగేసిన నాణేలూ అక్కడివే. మేం వెళ్లినప్పుడు మనిషి లేడు, హాయిగా నిలబడి చూశాం.

క్రీ.పూ. 211 ప్రాంతంలో దినారియస్ మొదలైనప్పుడు బొమ్మ రోమా దేవత, వెనక గుర్రాల మీద కవల వీరులు. బతికున్న మనిషి ముఖం రోమ్ నాణెం మీదికి ఎక్కింది క్రీ.పూ. 44లో, అది సీజర్‌ది. ఆ తర్వాత దేవతల చోటు పాలకులదే అయింది. నన్ను కట్టిపడేసింది మాత్రం అగస్టస్ నాణెం. ఆయన దత్తత తీసుకున్న మనవలు గైయస్, లూసియస్ డాళ్లు, బల్లేలతో నిలబడి ఉంటారు. మన దేశంలో బయటపడ్డ రోమన్ వెండిలో ఎక్కువగా కనిపించే రకాల్లో ఇదొకటి. మా నల్గొండ జిల్లా అక్కనపల్లిలోనూ అగస్టస్, ఆయన తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌ల వెండి నాణేల నిధి దొరికింది. ఇది చెప్పాక బావ మొహం విప్పారింది, అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. కనీసం రెండు గంటలు పెట్టుకోండి.

బస గురించి ఒక మాట. గది 95 యూరోలు అని రాసి, దిగాక నగర పన్ను మనిషికి రాత్రికి 6 యూరోలు నగదుగా అడిగారు. పన్ను నిజమే, రసీదు మాత్రం పట్టుబట్టి తీసుకోండి.