చలికాలపు ఫెయిర్‌వే: గరికను నిద్రపోనివ్వడమా, రై గడ్డి చల్లడమా, ఏది మేలు?

చలికాలంలో శాన్ డియేగో నుంచి నాతో కాలిఫోర్నియా దక్షిణపు ఎడారిలోని ఇంపీరియల్ లోయకు గోల్ఫ్ ఆడటానికి వచ్చే మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న: పక్క పొలంలో లెట్యూస్ అంత పచ్చగా ఉంటే, ఈ చిన్న ఊరి గోల్ఫ్ కోర్సు ఫెయిర్‌వేలో, అంటే బంతిని కొట్టుకుంటూ సాగే పొడవాటి గడ్డి బాటలో, గడ్డి ఎందుకు ఎండిపోయింది?

అది ఎండిపోలేదు. ఇక్కడ పరిచే బెర్ముడా గడ్డి వినాయక చవితికి మనం కోసే గరికకు సొంత చుట్టం. 43 డిగ్రీలు దాటిన ఎండలో కూడా అల్లుకుపోయే ఆ గడ్డి, డిసెంబరు రాత్రులు చల్లబడగానే గోధుమ రంగుకు తిరిగి, వసంతం దాకా నిద్రపోతుంది. ఆ లోటు కప్పడానికే చాలా కోర్సులు అక్టోబరులో రెండు మూడు వారాలు మూసివేసి, గరికను నేలమట్టంగా కత్తిరించి, చలిలోనూ పచ్చగా పెరిగే రై గడ్డి విత్తనం ఎకరానికి వందల పౌండ్ల లెక్కన చల్లుతాయి.

రై పక్షాన ఉన్న వాదన చిన్నది కాదు. కెనడా నుంచి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి చలికి తట్టుకోలేక దిగివచ్చే వారి రుసుములతోనే ఇలాంటి కోర్సులు ఏడాది గట్టెక్కుతాయి, వారు కోరేది పచ్చదనమే. నీటి ఖర్చు కూడా ఇక్కడ నిర్ణాయకం కాదు. కొలరాడో నది నీరు కాలువలో వస్తుంది, ఎకరం నేలపై అడుగు లోతున నిలిచేంత నీటికి రైతులు చాలా ఏళ్ల పాటు చెల్లించింది 20 డాలర్లే.

నా దృష్టిలో తేల్చేది మే నెల. గరిక మేలుకోవలసిన వేళకు రై ఇంకా బలంగా ఉండి ఎండనూ నీటినీ తానే తీసుకుంటుంది. అంతటా రై చల్లిన ఒక కోర్సులో కిందటి మే నెలాఖరున ఒక దుబ్బును వేళ్లతో పాయ తీసి చూశాను: కింద గరిక తీగ తెల్లబారి, కణుపుకొక మొలక తప్ప ఆకన్నది లేకుండా ఉంది, విత్తనం పడని అంచున, రెండడుగుల దూరంలో, అదే గరిక చాపలా అల్లుకుంది. ఎండ ముదిరి రై చచ్చిపోయాక మిగిలే బోడి నేలలో, ఈ నీటిలో సహజంగానే ఉన్న ఉప్పు, నీరు ఆవిరవుతుండగా పైకి తేలి చౌడు పడుతుంది. జూలైలో తెల్లవారకముందే వచ్చి ఆడుకునే ఊరివాళ్లకు దక్కేది ఆ మచ్చలే.

రైకి బదులు నిద్రపోతున్న గరిక మీద ఆకుపచ్చ రంగు చల్లడం ఫొటోలకైతే సరిపోతుంది. ఉప్పును ఓర్చే పాస్పాలమ్ మంచి గడ్డే కానీ, కోర్సంతా తవ్వి నాటడం చిన్న ఊరికి తలకు మించిన ఖర్చు.

అందుకే గ్రీన్లకూ (బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి), టీలకూ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మాత్రమే రై చల్లి, ఫెయిర్‌వేలను నిద్రపోనివ్వమనే చెబుతాను. వచ్చే అతిథులు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: నిద్రపోతున్న గరిక మీద బంతి బాగా దొర్లుతుంది కనుక, దాన్ని గ్రీన్ మీద కాక కాస్త ముందే దించాలి.