నెట్‌వర్క్స్‌లో ఎంటెక్: చదివి బయటికొచ్చిన ఇన్నేళ్లకు నా మాట

బీటెక్ అయ్యాక రెండేళ్లు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసులో పనిచేశాను. లైను పోయిందని ఫోనొస్తే రౌటర్ ఆపి వెయ్యమనడం, అప్పటికీ రాకపోతే పైవాళ్లకు టికెట్ పెట్టడం. ఎందుకు పోయిందో మాత్రం ఎప్పుడూ తెలిసేది కాదు. ఆ సంగతి తేల్చుకుందామనే 2017లో గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ ఎంటెక్‌లో చేరాను.

ముందు డబ్బు సంగతి. గేట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష స్కోరుతో చేరినవాళ్లకు ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) నెలకు 12,400 రూపాయలు ఇచ్చేది. నేను రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ ర్యాంకుతో చేరాను కాబట్టి పైసా రాలేదు. పక్క బెంచీ అబ్బాయికి స్టైపెండ్ పడుతుంటే, నేను బస్‌పాస్‌కి కూడా నాన్నను అడగాల్సి వచ్చేది. ఒక ఏడాది ఆగైనా గేట్ రాసి చేరండి.

ల్యాబ్ నిరాశపరిచింది. రాక్‌లో రెండు రౌటర్లుంటే ఒకటి పనిచేసేది కాదు. మిగతాదంతా ఎన్ఎస్-2 సిమ్యులేటర్ మీదే, అంటే కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ నడిపి చూసే సాఫ్ట్‌వేర్. కానీ అక్కడే నాకు చదువు అబ్బింది. డేటా ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా వెళ్తుంది. అది రాసిపెట్టే ట్రేస్ ఫైల్‌లో ప్యాకెట్ బయల్దేరినా, చేరినా, పడిపోయినా ఒక్కో వరస ఉంటుంది, పడిపోయిన ప్యాకెట్ వరస 'డి' అక్షరంతో మొదలవుతుంది. ఆ వరసలు లెక్కపెట్టి గ్రాఫు గీసుకుని వెళ్తే మా మేడం ఒకటే అడిగేవారు: "ఈ అంకెలు నువ్వు తీసినవేనా? అయితే నా ముందు మళ్లీ రన్ చెయ్యి." మొదట్లో కోపమొచ్చేది. ఇవాళ నా పనంతా ఆ అలవాటు మీదే నడుస్తోంది.

ఒక ఉదాహరణ చెప్తాను. గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. హెడ్డాఫీసు సర్వర్‌లో లాగిన్ అవుతుంది, చిన్న బిల్లులు వస్తాయి, స్టాకు రిపోర్టు తెరిస్తే మాత్రం తెల్లటి స్క్రీను. అప్పటికే రెండు రౌటర్లు మార్చారు. నేను వెళ్లి, ప్యాకెట్‌ను ముక్కలు చెయ్యొద్దని చెప్పి 1472 బైట్ల పింగ్ (అవతలికి చేరుతోందో లేదో చూసే పరీక్ష ప్యాకెట్) పంపాను, పోలేదు. 1464కి తగ్గించాను, పోయింది. దానికి 28 బైట్ల హెడర్లు (ప్యాకెట్ మీద ఉండే చిరునామా లాంటి వివరాలు) కలిపితే 1492. మామూలుగా ఒక ప్యాకెట్‌కు ఉండాల్సిన 1500లో 8 బైట్లు పీపీపీఓఈ (ఇంటర్నెట్ కంపెనీకి లైను లాగిన్ అయ్యే పద్ధతి) తినేస్తోంది. "ప్యాకెట్ పెద్దదైంది, తగ్గించి పంపు" అని సర్వర్‌కు వెళ్లాల్సిన కబురును హెడ్డాఫీసు ఫైర్‌వాల్ ఆపేస్తోంది. రౌటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్‌ను, అంటే ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటా పరిమితిని, 1452కి కుదించాక రిపోర్టు తెరుచుకుంది. గుమాస్తా గారు వెంటనే ప్రింటు తీసుకుని, ఎక్కడ మళ్లీ పోతుందోనని ఇంకో కాపీ కూడా తీసుకున్నారు. కమాండ్లు ఏ కోచింగ్ సెంటర్లోనైనా నేర్పిస్తారు. ఆ 8 బైట్లు ఎక్కడికి పోయాయో వెతకడం నాకు ఆ రెండేళ్లలోనే వచ్చింది.

ఉద్యోగంలో త్వరగా చేరాలనుకునేవాళ్లకు సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్క్ సర్టిఫికెట్) చాలు, రెండేళ్లు ఖర్చుపెట్టక్కర్లేదు. పాఠాలు చెప్పాలనుకునేవాళ్లకు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఎంటెక్ ఎలాగూ కావాలి.

నాకు ఇప్పటికీ బాధ కలిగించేది రెండో ఏడాది ప్రాజెక్టు. అసలు చదువంతా అక్కడే ఉంది. మా బ్యాచ్‌లో చాలామంది డబ్బులిచ్చి థీసిస్ రాయించుకున్నారు, కాలేజీ చూసీ చూడనట్టు ఊరుకుంది. తెలివైన పిల్లలు, చెయ్యలేక కాదు. వాళ్లలో ఒకడు ఇప్పటికీ ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టు గురించి అడిగితే ఏం చెప్పాలో తెలియక నాకు ఫోన్ చేస్తుంటాడు.

కౌన్సెలింగ్‌లో కాలేజీ ఆప్షన్ పెట్టుకునే ముందు ఒక పూట వెళ్లి ల్యాబ్ చూడండి. రాక్ వెనక్కి వెళ్లి చూస్తే చాలు, కేబుళ్లు వాడినవో, పెట్టినవి పెట్టినట్టే దుమ్ము పట్టి ఉన్నాయో కనిపిస్తుంది.